ఇత్తడి చీల

బండరేవు, రెంటచింతల పోస్టు
18 జూన్ 1961

అంతోనీ,

జపమాలలో నీ పేరు మీద ఒక పూస ఎక్కువ తిప్పుతున్నాను. పరీక్షల కోసం కాదు, కాకినాడ సముద్రంలో ఈతకు దిగకుండా ఉంటావని.

మీ బావ ఒక ఇంజను తెచ్చాడు. డ్యాము దగ్గర సర్వే చేసినవాళ్ళు పోతూ పోతూ పాత సామాను వేలం వేస్తే పాడుకొచ్చాడు. పడవ వెనక చెక్కకు తగిలించి మరలు బిగిస్తే చాలు, తాడు లాగితే మోగుతుంది. ఆకుపచ్చ రంగు. పేరు హార్‌గ్రేవ్ అట. రేవులో అందరూ హరిగ్రావు అంటున్నారు, ఎవరో కరణంగారి తమ్ముడిని పిలిచినట్టు.

సంగతేమిటంటే, పంచాయతీ సమితివాళ్ళు ఈసారి రేవు హక్కు మోటారు పడవ నడిపేవాడికే ఇస్తామన్నారు. ఆగస్టు పదిహేనున మరియమ్మ పండక్కి అవతలి గట్టు జనం వస్తారు కదా. ఆ రోజు జెండా ఎగరేసి నేరుగా మన రేవుకే వస్తారట, చూడటానికి. ఇంజను ఆగకుండా దాటిస్తే రేవు మనది. ఆగితే అవతలి గట్టు కాంట్రాక్టరుది. అప్పుడు మీ బావ నాపరాయి క్వారీలో సుత్తి పడతాడు, నేను తట్ట మోస్తాను. నీ చదువు సంగతి నువ్వే చూసుకో.

ఇంజను దావూద్ మామ చేతికిచ్చాడు. ముప్పై ఏళ్ళు గడ వేసిన మనిషి గదా, ఇప్పుడు దాని ముందు కొత్తకోడలిలా కూర్చుంటున్నాడు. నిన్ను భుజాన వేసుకుని ఈత నేర్పినవాడే, గుర్తుందా, నువ్వు నీళ్ళు మింగి ఆయన మీదే కక్కావు.

మద్రాసులో సోల్బర్గ్ అని ఎర్ర ఇంజను అమ్ముతున్నారట. ఉన్నదాన్ని ఉంచుకోవాలా, ఎర్రది తెప్పించాలా? మీ దగ్గర సముద్రం పడవలకు రెండు రకాలూ ఉన్నాయట, చూసి రాయమంటున్నాడు మీ బావ. "వాడు చదివిన చదువు ఒక్కసారన్నా నీళ్ళకు పనికొస్తదేమో చూద్దాం" అన్నాడు. నేనన్నది కాదు.

అక్క
జీవరత్నం


కాకినాడ
27 జూన్ 1961

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి హాస్టలు మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఇంతవరకూ ఇంట్లో ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. ఉప్పు ఎక్కడుందని కూడా అడగలేదు.

మరునాడే జగన్నాథపురం కాలువ గట్టుకు వెళ్ళాను. పచ్చవి ఏడు, ఎర్రవి ఆరు ఉన్నాయి. ఒక కొత్త నోటుపుస్తకం కొని నడుమ గీత కొట్టాను. ఎడమవైపు హార్‌గ్రేవ్, కుడివైపు సోల్బర్గ్. కాలువలోకి వచ్చే, పోయే దారిలో ఏ ఇంజను ఆగినా ఒక గీత గీస్తాను. కాలేజీకి ముందు రెండు గంటలు, తరువాత మూడు గంటలు. ఆదివారం పూజ అయ్యాక రోజంతా.

గట్టు మీద ఇంజన్లు బాగుచేసే ముర్తుజా అని ఒకాయన ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉంటాయి. "ఏంటి బాబూ, మా చావులు రాస్తున్నావా?" అని అడిగాడు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. అదీ నోటుపుస్తకంలో రాసుకున్నాను, వెనక పేజీలో. అక్కా, మాటలు కూడా ఇంజన్ల లాంటివే. కొన్ని ఒక్క లాగుడుకే మోగుతాయి.

బావతో చెప్పు, నెల తిరగకుండా తీర్పు పంపుతాను. దావూద్ మామకు నా సలాములు.

నీ తమ్ముడు
అంతోని


బండరేవు
8 జూలై 1961

అంతోనీ,

తీర్పు తరువాత పంపుదువు గానీ, ముందు ఇక్కడి తమాషా విను. హరిగ్రావు గారు రోజుకు నాలుగుసార్లు నడిఏట్లో నిలబడుతున్నారు. తుంగ తగిలితే నిలబడతాడు, ఇసుక తగిలితే నిలబడతాడు. ఏటి మధ్య ఎనుబోతు బండ సంగతి చెప్పక్కర్లేదు. నిలబడ్డప్పుడల్లా దావూద్ మామ ఇంజను పైకెత్తి, నీళ్ళలో తిరిగే పంకా విప్పి, లోపల ఏదో చిన్న ఇత్తడి చీల విరిగితే కొత్తది వేస్తాడు. అప్పటిదాకా జనం పడవలో కూర్చుని నవ్వుకుంటారు. నిన్న అవతలి కాంట్రాక్టరు మనుషులు గట్టు మీద నుంచి మీ బావను కేకలేశారు, "మరియదాసూ, హరిగ్రావుకు దిష్టి తీయించవయ్యా!" అని.

మీ బావకు ఆ రోజు అన్నం దిగలేదు.

ఇంజను ఆగకపోయినా మామే ఆపుతున్నాడు, అది ఇంకో గొడవ. ఎనుబోతు బండ దగ్గరకు రాగానే ఇంజను ఆపేసి, గడ దించి లోతు చూసి, మళ్ళీ తాడు లాగుతాడు. "ఏందయ్యా సాయిబూ, ముప్పై ఏళ్ళుగా బండ ఆడనే ఉండె గదా, నడిచిపోయిందేమోనని చూస్తన్నావా?" అని మీ బావ ఎగతాళి. "బండ ఆడనే ఉంటది అయ్యా, నీళ్ళే ఉండవు" అంటాడు మామ.

ఇంకొకటి. అదురుకు మరలు వదులై ఇంజను జారి ఏట్లో పడుతుందేమోనని మీ బావ భయం. దానికి ఒక మోకు కట్టి, రెండో కొస మామ నడుముకు కట్టించాడు. "అది పోతే నువ్వూ పోతావు, ఇంక కళ్ళు తెరుచుకుని నడుపుతావు" అన్నాడు. రేవంతా నవ్వింది. నేనూ నవ్వాను. మామ కూడా నవ్వాడు, ముడి వదులు చేయమని మాత్రం అడిగాడు. చేయలేదు.

తొందరగా రాయి.

జీవరత్నం


కాకినాడ
22 జూలై 1961

ప్రియమైన అక్కకూ, గౌరవనీయులైన బావకూ,

తీర్పు సిద్ధం. ఇరవై నాలుగు రోజులు, ఒక్క రోజు కూడా తప్పలేదు. వానలో కూడా గొడుగు కింద కూర్చున్నాను. పచ్చవి ముప్పై ఏడుసార్లు ఆగాయి. ఎర్రవి ఐదుసార్లు. అంకెలు అబద్ధం చెప్పవు.

కారణమూ కనుక్కున్నాను. హార్‌గ్రేవ్ పంకా దగ్గర ఒక ఇత్తడి చీల ఉంది. నా చిటికెన వేలంత. దేనికి తగిలినా అది విరుగుతుంది, పంకా తిరగటం మానేస్తుంది. సోల్బర్గ్‌లో అలాంటిది లేదు, ఇరుసుకూ పంకాకూ మధ్య ఉక్కే ఉంది. కాబట్టి నేను ఇలా రాసుకున్నాను: సోల్బర్గ్ వీరుడు, హార్‌గ్రేవ్ పిరికివాడు. ఒకడు దెబ్బ తిని కూడా ముందుకు పోతాడు. ఇంకొకడు మన దావూద్ మామలాగా నీటి నీడ చూసినా నిలబడిపోతాడు.

ఈ పోలిక రాశాక కలం కింద పెట్టి కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

బావా, ఎర్రది తెప్పించే సమయం లేదు కదా. నా సలహా: ఆ ఇత్తడి చీల తీసి, కమ్మరి దగ్గర అదే కొలతకు ఉక్కు చీల చేయించండి. పిరికివాడు కూడా వీరుడవుతాడు. ముర్తుజాను అడుగుదామనుకున్నాను, ఆయన తమ్ముడి పెళ్ళికి ఊరెళ్ళాడు.

మోకు సంగతి చదివి కడుపుబ్బ నవ్వాను. బావ చమత్కారమే వేరు.

ఈ పరిశీలనంతా ఒక వ్యాసంగా రాస్తున్నాను, కాలేజీలో పోటీ ఉంది. "యంత్రములలో ధీరులు, భీరులు" అని పేరు పెట్టాను.

మీ
అంతోని


బండరేవు
31 జూలై 1961

అంతోనీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు సంత. మీ బావ దాన్ని టీ బడ్డీ దగ్గర బల్ల మీద నిలబడి చదివాడు. వీరుడు దగ్గర చప్పట్లు కొట్టారు. పిరికివాడు దగ్గర ఈలలు వేశారు. దావూద్ మామ పేరు వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు, టీ గ్లాసు చేతిలో ఉంది.

"అంతోనయ్య రాశాడా ఆ మాట?" అని అడిగాడు.

"కాకినాడ కాలేజీలో అచ్చేస్తన్నారంట సాయిబూ, ఇంక జిల్లా జిల్లా తెలిసిపోద్ది" అన్నాడు మీ బావ.

మామ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. అంతోనీ, నీకు ఆయన మీద ఇంత చులకన ఎప్పటి నుంచి? ఎగతాళి చేయటానికి ఇక్కడ మేము చాలమా? నువ్వు చేస్తే అది రాతలో ఉంటుంది, చెరిగిపోదు. పొద్దున రేవుకు పోతే పిల్లలు కూడా "ఇత్తడి చీలా, ఇత్తడి చీలా" అని ఆయన వెంట పడుతున్నారు. మొగుడి వెనకే వస్తున్న కుల్సుం అత్త వాళ్ళ మీదికి రాయి విసిరింది.

ఉక్కు చీల వేయించాడు మీ బావ. దుర్గిలో శిల్పాలు చెక్కేవాళ్ళ ఉలి ముక్క సంపాదించి మన కమ్మరితో సాగదీయించాడు. మామ ఒక్కసారే అడ్డం చెప్పాడు. "అయ్యా, ఆ ఇత్తడిది ఇరగటానికే పెట్టినట్టుండాది. ఇరగనిది పెడితే ఇంకేందో ఇరుగుద్ది" అన్నాడు. మీ బావ నీ ఉత్తరం జేబులోంచి తీసి ఆయన ముఖం ముందు ఆడించాడు. "ఇరవై నాలుగు రోజులు కూర్చుని రాశాడు సాయిబూ. నీకు ఇందులో ఒక్క అక్షరం వచ్చా?"

నాలుగు రోజులయింది. ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. మామ కూడా బండ దగ్గర ఆపటం మానేశాడు. గడ ఇంటి చూరులో దోపేశాడట. మీ బావ పండగ రోజు కోసం పడవకు రంగు వేయిస్తున్నాడు.

నాకు మాత్రం ఎందుకో బాగాలేదు. ఎగువన వానలు పడుతున్నాయి, నీళ్ళు ఎర్రబడ్డాయి.

జీవరత్నం


కాకినాడ
12 ఆగస్టు 1961

ప్రియాతిప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరాన్ని ఐదుసార్లు తిరగరాశాను. నీ మాటలు నన్ను నొప్పించాయి, అయితే నొప్పికి కూడా ఒక భాష ఉండాలి కదా. అందుకే ఆలస్యం.

ముందుగా దావూద్ మామ విషయం. పోలిక అంటే నింద కాదు. ఒక వస్తువును ఇంకొక వస్తువు పక్కన నిలబెడితే రెండూ ఇంకొంచెం బాగా కనపడతాయి, అంతే. మా తెలుగు మాస్టారు పాఠం చెబుతూ ఒక్క పోలికకు అరగంట తీసుకుంటారు. నేను మామను పోల్చానంటే, ఆయన నా మనసుకు దగ్గరగా ఉన్నాడని అర్థం. దూరంగా ఉన్నవాళ్ళు పోలికకు చిక్కరు. ఇది ఆయనకు నెమ్మదిగా వివరించు. ఆయన చేతిలో నేను మింగిన నీళ్ళు ఇంకా నా ఒంట్లో ఉన్నాయని చెప్పు.

ఇంకొక సంతోషవార్త. నిన్న వ్యాస పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. సభలో చదివినప్పుడు "భీరులు" అన్న చోట ప్రిన్సిపాలుగారు కూడా నవ్వారు. ఒక నిఘంటువు ఇచ్చారు, ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు. రాత్రంతా దాన్ని తల కింద పెట్టుకుని పడుకున్నాను.

ఇప్పుడు ఒక చిన్న సవరణ. ముర్తుజా నాలుగో తేదీన ఊరి నుంచి వచ్చాడు. నా లెక్క చూపించాను. చాలాసేపు నవ్వి, తరువాత నవ్వటం మానేశాడు. "బాబూ, నువ్వు ఆగినవి లెక్కపెట్టావు. నేను తిరిగొచ్చినవి లెక్కపెడతాను. పచ్చవి ఏడు కొన్నారు, ఏడూ ఉన్నాయి. ఎర్రవి తొమ్మిది కొన్నారు. నువ్వు చూసినవి ఎన్ని?" అన్నాడు. ఆరు. మిగతా మూడూ రాయికి తగిలాయట. ఉక్కు వంగదు కనక వెనక చెక్కనే ఊడబెరుక్కుని పోయాయట. ఇత్తడి చీల విరగటం లోపం కాదట, పడవ విరగకుండా అది విరుగుతుందట. మామ అన్నది కూడా అదే కదా, ఆశ్చర్యం!

ఆ రోజే రాయాల్సింది. కానీ వ్యాసం అప్పటికే ఇచ్చేశాను, సభ పదకొండున. అంతా తలకిందులు చేసి మళ్ళీ రాసే వ్యవధి లేదు. మనసు ఒక కొలిక్కి వచ్చాక నీకు అందంగా చెబుదామనుకున్నాను.

కాబట్టి, వీలు చూసుకుని, బావ ఆ ఉక్కు చీల తీయించి పాతదే వేయిస్తే మంచిదని నా అభిప్రాయం. మోకు కూడా విప్పిస్తే.

పండుగ శుభాకాంక్షలతో,
నీ
అంతోని


బండరేవు
22 ఆగస్టు 1961

అంతోనీ,

నీ ఉత్తరం పదహారున అందింది. మధ్యాహ్నం. పోస్టు మనిషి గట్టు మీదికే తెచ్చి ఇచ్చాడు, ఊరంతా అక్కడే ఉంది కాబట్టి.

నువ్వు వివరంగా రాస్తావు కదా, నేనూ రాస్తాను.

పండుగ పొద్దున సమితివాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మొదటి దాటు బాగా జరిగింది. చప్పట్లు. రెండో దాటుకు అవతలి గట్టు నుంచి ముప్పై మంది ఎక్కారు, చంకల్లో పిల్లలు, చేతుల్లో కొవ్వొత్తులు. నీళ్ళు పెరుగుతున్నాయి. ఎనుబోతు బండ మునిగి ఉంది. మామ అక్కడికి రాగానే చెయ్యి ఇంజను మీదికి పోనిచ్చాడట. ఆపుదామని. మీ బావ ముందు వైపు కూర్చుని ఉన్నాడు, కుర్చీలకు వినపడేలా అరిచాడు, "ఏం సాయిబూ, ఇత్తడి చీలవేనా?" పడవలో అందరూ నవ్వారట.

మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పంకా బండకు తగిలింది. చీల విరగలేదు. ఇంజను వెనక చెక్కను ఊడబెరుక్కుని నీళ్ళలోకి పోయింది. మోకు ఎక్కడ కట్టి ఉందో నీకు తెలుసు. నువ్వు చదివి కడుపుబ్బ నవ్వావు.

పడవ నిండింది కానీ బండ మీదే ఆనుకుని నిలిచింది. పుట్టి నడిపేవాళ్ళు వచ్చి ముప్పై మందినీ ఎత్తుకొచ్చారు. అందులో ఎక్కువమందిని తెచ్చింది అవతలి కాంట్రాక్టరు మనుషులే. మామను మాత్రం మూడో రోజు పొందుగుల దిగువన చూశారు. ఇంజను ఇంకా నడుముకే ఉంది. ముడి తడిసి బిగుసుకుపోతే కత్తితో కోశారు.

కుల్సుం అత్త పోయిన ఆదివారం మన ఇంటికి వచ్చింది. "మీ తమ్ముడి కాయితంలో మా ఆయన పేరుందంట గదా, చదువమ్మా" అంది. పన్నెండో తేదీది చదువుదామనుకున్నాను. "అది కాదు, బడ్డీ కాడ చదివింది" అంది. చదివాను. ఆ వాక్యం దగ్గర ఆపాను. "ఆపమాక" అంది. పూర్తిగా చదివాను. కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. "అచ్చరాలు ఎంత గుండ్రంగా ఉండాయమ్మా, ముత్యాల్లాగా" అని తిరిగి ఇచ్చేసింది. నీకు తిట్టించుకునే భాగ్యం కూడా లేకుండా పోయింది.

నాలుగో తేదీన నీకు తెలిసింది. నాలుగు నుంచి పదిహేను దాకా వేళ్ళ మీద లెక్కపెట్టాను, రెండు చేతులూ చాలలేదు. ఒక కార్డు మీద రెండు మాటలు రాస్తే ఏడో తేదీకి అందేది. చీల తీయండి. అంతే. నీ నిఘంటువులో ఆ రెండు మాటలూ ఉన్నాయో లేదో చూడు.

ఇక మీ బావ. మోకాలికి దెబ్బ తగిలింది, అంతకు మించి ఏమీ లేదు. రేవు హక్కు ఆయనకే ఇచ్చారు. అవతలివాడికి అసలు ఇంజనే లేదు, రూలు రూలే అన్నారు. ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాడు, "ఏమన్నా అనండి, ఇంజను మాత్రం ఆగలేదు" అని. ఈ ఉత్తరం రాస్తుంటే పక్కన నిలబడి ఇంకో మాట కూడా రాయమంటున్నాడు. కొత్తది కొనాలట. ఏది మంచిదో మళ్ళీ కాలువ గట్టున కూర్చుని చూసి రాయమంటున్నాడు. పోయినసారిలాగే బాగా రాయమన్నాడు.

జీవరత్నం


కార్డు
కాకినాడ, 27 ఆగస్టు 1961

అక్కా,

ఆగేది కొనండి. ఇత్తడి చీలలు పన్నెండు పంపుతున్నాను. ఎవరి నడుముకూ మోకు కట్టవద్దు.

అంతోని


కార్డు
బండరేవు, 4 సెప్టెంబరు 1961

అంతోనీ,

కార్డు అందింది. ఇంత పొట్టిగా రాయటం నీకు ముందే వచ్చా?

జీవరత్నం